మూడు వాక్యాల మీద పోరు
యుద్ధాలు – మ్యూజియాలు: 6వ భాగం

ఒట్టావాలోని కెనడా యుద్ధ మ్యూజియం 2005లో కొత్త భవనంలోకి మారింది. రెండో ప్రపంచ యుద్ధ విభాగంలో, బాంబర్ విమానాల్లో ఎగిరినవాళ్ల సాహసాన్ని చెప్పే చోట, చివర్లో ఒక చిన్న ప్యానెల్ పెట్టారు. దానిలో ఉన్నవి మూడే వాక్యాలు. జర్మనీ మీద జరిపిన బాంబుదాడుల వల్ల ఒరిగిందేమిటి, అవి ధర్మమేనా అన్న వాదం ఇప్పటికీ తెగలేదని మొదటి వాక్యం సారాంశం. నగరాలనూ పరిశ్రమలనూ ధ్వంసం చేసి, మామూలు జనం మనోధైర్యాన్ని నలగ్గొట్టి, జర్మనీని లొంగదీయడం బ్రిటన్ వాయుసేనలోని బాంబర్ కమాండ్ ఉద్దేశమని రెండోది చెప్పింది. బ్రిటిష్, అమెరికన్ దాడులు 6 లక్షల మంది జర్మన్లను చంపి, 50 లక్షల మందికి పైగా నిలువనీడ లేకుండా చేసినా, యుద్ధం చివరి దశ దాకా జర్మన్ ఆయుధోత్పత్తి తగ్గింది కొంచెమేనని మూడోది.

ఈ మూడు వాక్యాల మీద మాజీ సైనికుల సంఘాలు కదిలాయి. ఉత్తరాలు వెల్లువెత్తాయి. పేరున్న చరిత్రకారులను పిలిపించి వాక్యాలను పరీక్షకు పెట్టారు. పార్లమెంటు ఎగువసభ అయిన సెనేట్ విచారణ జరిపింది. మ్యూజియం డైరెక్టర్ పదవి వదిలి వెళ్లారు. చివరికి 2007 అక్టోబరులో ఆ ప్యానెల్ స్థానంలో మరొకటి వచ్చింది. వాక్యాల్లో అబద్ధముందని మాత్రం ఆ విచారణల్లో ఎక్కడా తేలలేదు.

గత భాగంలో వాషింగ్టన్‌లో ‘ఎనోలా గే’ విమానం చుట్టూ 1995లో జరిగింది చూశాం. అక్కడ హిరోషిమా మీద వేసిన బాంబు గురించి చరిత్రకారులు రాసిన ప్రదర్శన తలుపులు తెరవకుండానే రద్దయింది. ఒట్టావాలో అలా కాదు. జనం వచ్చి చూసి వెళ్తున్న ప్రదర్శనను, తెరిచిన రెండేళ్ల తర్వాత మార్చారు. అందుకే నాకు ఈ కథ ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. పాత రాతా కొత్త రాతా రెండూ మన ముందున్నాయి. పక్కపక్కన పెట్టి ఏది పోయిందో, ఏది వచ్చిందో చదవవచ్చు.

ముందు ఆ భవనం గురించి కొంచెం చెప్పాలి. ఒట్టావా నది ఒడ్డున, లెబ్రెటన్ ఫ్లాట్స్ అనే చోట, నేలలోంచి మెల్లగా పైకి లేచినట్టు ఉంటుంది. కప్పు మీద గడ్డి పెరుగుతుంది. పైకి లేచిన కొమ్ము గోడకు చిన్న చిన్న కిటికీలు ఉంటాయి. అవి మోర్స్ సంకేతాల్లో, ఇంగ్లిష్‌లోనూ ఫ్రెంచ్‌లోనూ, మరవవద్దనే మాటను చెబుతాయి. స్మారక మందిరంలో ఒకే ఒక కిటికీ ఉంది. ఏటా నవంబరు 11న ఉదయం 11 గంటలకు దానిలోంచి పడే ఎండ, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన గుర్తు తెలియని సైనికుడి సమాధి ఫలకం మీద సరిగ్గా నిలుస్తుంది.

దీన్ని రూపొందించినవాడు రేమండ్ మొరియామా. 1929లో వాంకూవర్‌లో పుట్టిన జపనీస్ కెనడియన్. పెర్ల్ హార్బర్ మీద దాడి తర్వాత కెనడా ప్రభుత్వం పశ్చిమ తీరంలోని సుమారు 22 వేల మంది జపాన్ మూలాలవారిని ఇళ్ల నుంచి తరలించింది. వాళ్లలో చాలామంది కెనడా పౌరులే, అక్కడ పుట్టినవాళ్లే. మొరియామా తండ్రిని అంటారియోలోని యుద్ధఖైదీల శిబిరానికి పంపారు. పిల్లవాడైన మొరియామా తల్లితోపాటు బ్రిటిష్ కొలంబియా కొండల్లో ఉన్న స్లోకన్ శిబిరానికి చేరాడు. ఒంటి మీద ఉన్న కాలిన మచ్చలను చూసి స్నానశాలలో తోటివాళ్లు ఎగతాళి చేస్తుంటే, వాళ్లకు దూరంగా నదిలో స్నానం చేసేవాడు. ఆ నది పక్కనే చెట్టు మీద ఒక మంచె కట్టుకున్నాడు. తాను కట్టిన మొదటి భవనం అదేనని పెద్దయ్యాక చెప్పేవాడు. యుద్ధకాలంలో సొంత ప్రభుత్వం శత్రువుగా చూసిన పిల్లవాడి చేతికే, ఆ దేశం తన యుద్ధాల జ్ఞాపకాన్ని నిలిపే పని అప్పగించింది. కెనడాను ఈ విషయంలో గౌరవించకుండా ఉండలేం. తర్వాత జరిగింది బాధ కలిగించేది కూడా అందుకే.

కెనడా ఆత్మగౌరవంలో యుద్ధానికి ఉన్న చోటు బయటివాళ్లకు వెంటనే అర్థం కాదు. శాంతి దళాల దేశంగానే మనకు దానితో పరిచయం. కానీ 1917 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని విమీ గుట్టను పట్టుకున్న రోజునే తమది ఒక దేశమైందని అక్కడ బడిపిల్లలకు చెబుతారు. ఆ నాలుగు రోజుల పోరులో 3,598 మంది కెనడా సైనికులు చనిపోయారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆ దేశ జనాభా కోటీ 15 లక్షలు. ఆ యుద్ధంలో 45 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో దాదాపు 10 వేల మంది బాంబర్ కమాండ్‌లో పనిచేసినవాళ్లే. అంటే మరణించిన ప్రతి నలుగురైదుగురిలో ఒకరు.

1939 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం బ్రిటిష్ కామన్‌వెల్త్ వైమానికులకు శిక్షణ ఇచ్చే భారం కెనడా తీసుకుంది. యుద్ధం ముగిసేలోగా అక్కడి మైదానాల మీద 1,31,553 మంది శిక్షణ పొందారు. బాంబర్ కమాండ్ బ్రిటన్ వాయుసేనలో భాగం. దానిలోనే 1943 జనవరి 1 నుంచి యార్క్‌షైర్ కేంద్రంగా కెనడాకు సొంతంగా ఒక దళం ఏర్పడింది. పేరు 6వ గ్రూప్. బ్రిటిష్ స్క్వాడ్రన్లలో ఎగిరిన కెనడియన్లు వేరే. వైమానికుడి విధుల్లో ఒక విడత అంటే 30 దాడులు. బాంబర్ కమాండ్‌లో ఎగిరిన 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. నూటికి నలభై నలుగురు. వాళ్ల వయసులు చూస్తే చాలామంది ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు.

ఆండ్రూ మైనార్‌స్కీ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. విన్నిపెగ్‌లో పోలిష్ వలస కుటుంబంలో పుట్టినవాడు. 1944 జూన్ 12 అర్ధరాత్రి ఫ్రాన్స్‌లోని కాంబ్రే రైల్వే యార్డు మీదికి వెళ్లిన లాంకాస్టర్ విమానంలో అతను పైభాగపు గన్నర్. జర్మన్ యుద్ధవిమానం కాల్పులకు ఎడమవైపు ఇంజన్లు రెండూ ఆగిపోయాయి, విమానం నడుమ మంటలు లేచాయి. దూకేయమని కెప్టెన్ ఆజ్ఞ ఇచ్చాడు. దూకబోతూ మైనార్‌స్కీ వెనక్కి చూశాడు. తోక దగ్గర గాజు గూటిలో స్నేహితుడు పాట్ బ్రోఫీ ఇరుక్కుపోయి ఉన్నాడు. మంటల్లోంచి పాకి వెళ్లి, గొడ్డలితో కొట్టి, చేతులతో లాగి చూశాడు. గూడు కదలలేదు. ఇక వల్ల కాదు, నువ్వు వెళ్లిపో అని బ్రోఫీ చేత్తో సైగ చేశాడు. మైనార్‌స్కీ అలాగే వెనక్కి పాకి, ద్వారం దగ్గర నిలబడి, స్నేహితుడికి సెల్యూట్ చేసి దూకాడు. అప్పటికే బట్టలూ పారాచూటూ అంటుకున్నాయి. నేల మీదికి చేరాక కాలిన గాయాలతో చనిపోయాడు. విమానం కూలిన అదురుకు తోక గూడు విరిగి, బ్రోఫీ బయటికి విసిరివేయబడి బతికాడు. జరిగింది లోకానికి చెప్పింది అతనే. 1946లో మైనార్‌స్కీకి విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

ఇలాంటి స్నేహితులను పోగొట్టుకుని ఎనభై ఏళ్ల వయసులో మ్యూజియంలోకి నడిచి వచ్చిన మనిషి, చివరి ప్యానెల్ ముందు నిలబడి చదివినప్పుడు అతని గుండె ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పక్కనే చనిపోయిన జర్మన్ పౌరుల ఫోటోలు. మీరు అంతమందిని చంపారు, దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు అన్నట్టు అతనికి వినిపించింది. ఆ బాధ నిజమైనది. దాన్ని తేలిగ్గా చూసేవాళ్లతో నాకు ఏకీభావం లేదు.

అయితే ఆ దాడుల సంగతి ఏమిటి? 1940లో ఫ్రాన్స్ కూలిపోయాక జర్మనీని కొట్టడానికి బ్రిటన్ చేతిలో మిగిలిన ఆయుధం బాంబర్ విమానం ఒక్కటే. పగటిపూట వెళ్తే కూల్చేస్తున్నారు కనుక రాత్రుళ్లు వెళ్లారు. రాత్రి వెళ్తే లక్ష్యం కనిపించదు. 1941 ఆగస్టులో డి.ఎం. బట్ అనే ప్రభుత్వాధికారి దాడుల సమయంలో తీసిన ఫోటోలను పరిశీలించి లెక్క తేల్చాడు. లక్ష్యం మీద బాంబులు వేశామని చెప్పిన విమానాల్లో దానికి 5 మైళ్ల లోపు చేరినవి మూడింట ఒక వంతు మాత్రమే. ఫ్యాక్టరీని కొట్టలేకపోతే ఏం కొట్టాలి? ఫ్యాక్టరీ ఉన్న ఊరిని. 1942 ఫిబ్రవరి 14న వెలువడిన ఆదేశం, శత్రుదేశపు పౌరుల, ముఖ్యంగా పారిశ్రామిక కార్మికుల మనోధైర్యాన్ని దెబ్బతీయడం మీదే దాడులు కేంద్రీకరించాలని చెప్పింది. ఆ నెలలోనే ఆర్థర్ హారిస్ బాంబర్ కమాండ్ అధిపతి అయ్యాడు. మే నెలాఖరున కొలోన్ మీదికి ఒకే రాత్రి వెయ్యి విమానాలు పంపాడు.

1943 జూలై 27 రాత్రి హాంబర్గ్‌లో జరిగింది ఈ విధానానికి పరాకాష్ఠ. ఎండాకాలం, పొడి గాలి. కార్మికులు కిక్కిరిసి ఉండే హామర్‌బ్రూక్ పేటల్లో అంటుకున్న వేలాది మంటలు ఒకటైపోయి, చుట్టుపక్కల గాలినంతా లోపలికి పీల్చే అగ్నితుపానుగా మారాయి. పరుగెత్తేవాళ్లను ఆ గాలే మంటల్లోకి ఈడ్చింది. నేలమాళిగల్లో దాక్కున్నవాళ్లు వేడికీ, ఊపిరాడకా చనిపోయారు. వారం పైగా సాగిన ఆ దాడుల్లో మరణించినవాళ్లు సుమారు 40 వేల మంది, ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్లు. కెనడా 6వ గ్రూప్ విమానాలు ఆ దాడుల్లో ఉన్నాయి. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్ కాలిపోయాక, మార్చి 28న చర్చిల్ స్వయంగా తన సేనాధిపతులకు ఒక లేఖ రాశాడు. భయం పుట్టించడం కోసమే జర్మన్ నగరాల మీద బాంబులు వేసే పద్ధతిని మళ్లీ ఆలోచించాలన్నాడు. సేనాధిపతులు అభ్యంతరం చెప్పడంతో దాన్ని వెనక్కి తీసుకుని, మెత్తబరచి మళ్లీ రాశాడు. ప్యానెల్ అడిగిన ప్రశ్న 2005లో ఎవరో ప్రొఫెసర్ పుట్టించింది కాదని చెప్పడానికి ఈ లేఖ చాలు. ఆ దాడులకు అనుమతి ఇచ్చిన ప్రధాని, యుద్ధం ముగియకముందే అడిగిన ప్రశ్న అది.

ఇక్కడ మన హైదరాబాద్‌కు సంబంధించిన ముక్క ఒకటుంది. జర్మన్ నగరాల మీద క్రమం తప్పకుండా బాంబులు వేసే ఆలోచన మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాదిలోనే మొదలైంది. దానికోసం 1918లో బ్రిటన్ ఒక ప్రత్యేక దళం ఏర్పరిచింది. ఆ దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ విమానాలను బహూకరించింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. విమానాల మీద నిజాం కానుక అని రాసి ఉండేది. వాటిలో ఒకటి, ఎఫ్1010, 1918 అక్టోబరు 5న జర్మనీలో కూలి శత్రువు చేతికి చిక్కింది. జర్మన్లు దాన్ని బెర్లిన్‌లోని విమాన మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే ఆ మ్యూజియం వస్తువులను తూర్పుకు తరలించారు. అలా ఆ విమానం పోలండ్ చేరి, క్రాకోలో ఉండి, 1977లో లండన్ హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి తిరిగొచ్చింది. తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటక రైతులు కట్టిన శిస్తుతో నిండిన ఖజానా నిజాముది. ఆ సొమ్ములో కొంత అలా జర్మన్ ఊళ్ల మీద బాంబులుగా పడింది. మనకు ఆ యుద్ధంతో ఏం సంబంధం అనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

మళ్లీ ఒట్టావాకు. కెనడాలో ఇలాంటి గొడవ ఇది మొదటిది కాదు. 1992 జనవరిలో బ్రయన్, టెరెన్స్ మెకెన్నా సోదరులు తీసిన ‘ది వేలర్ అండ్ ది హారర్’ అనే డాక్యుమెంటరీ సీబీసీ టీవీలో మూడు భాగాలుగా వచ్చింది. అందులో ఒక భాగం బాంబర్ కమాండ్ మీద. కుర్రాళ్ల సాహసాన్నీ, వాళ్లకు నిజం చెప్పకుండా పంపిన పెద్దల కాఠిన్యాన్నీ, కింద చనిపోయిన జనాన్నీ ఒకే చోట చూపించింది. మాజీ వైమానికులు మండిపడ్డారు. సెనేట్ ఉపసంఘం విచారణ పెట్టింది. బతికున్న సుమారు 25 వేల మంది తరఫున 50 కోట్ల డాలర్ల పరువునష్టం దావా పడింది. అంత పెద్ద సమూహం మొత్తానికీ పరువునష్టం వర్తించదని కోర్టు కొట్టేసింది. మాజీ సైనికులు కదిలితే సెనేట్ వింటుందన్న పాఠం మాత్రం అందరికీ అప్పుడే అర్థమైంది.

రెండో గొడవ 1997-98లో. పాత మ్యూజియాన్ని విస్తరించి, యూదుల సామూహిక సంహారం మీద ఒక గ్యాలరీ పెడతామన్నారు. మా యుద్ధాల మ్యూజియంలో దానికి చోటెందుకు అని మాజీ సైనికుల సంఘాలు అడిగాయి. 1998 ఫిబ్రవరిలో సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. గ్యాలరీ ఆలోచన విరమించారు. ఆ సంహారానికి గుర్తుగా ఒట్టావాలో జాతీయ స్మారకం 2017లో వచ్చింది. అదెక్కడ కట్టారంటే, యుద్ధ మ్యూజియానికి ఎదురుగా, రోడ్డు అవతల.

మూడోసారి మ్యూజియం గట్టిగా నిలబడింది. 1993 మార్చి 16న సోమాలియాలో కెనడా శాంతి దళ సైనికులు షిడానే అరోనే అనే 16 ఏళ్ల కుర్రాణ్ని తమ శిబిరంలో చిత్రహింసలు పెట్టి చంపారు. దేశమంతా సిగ్గుతో తలదించుకుంది. 1995లో ఆ సైనికుల రెజిమెంటునే రద్దు చేశారు. చిత్రకారిణి గెర్‌ట్రూడ్ కర్న్స్ ఆ ఘటన మీద వేసిన చిత్రాలను కొత్త మ్యూజియం 2005లో గోడకు వేలాడదీసింది. మాజీ సైనికుల నాయకుడు క్లిఫ్ చాడర్‌టన్ తీవ్రంగా వ్యతిరేకించి, ప్రారంభోత్సవాన్ని బహిష్కరించాలని పిలుపునిచ్చాడు. మ్యూజియం చిత్రాలను దించలేదు. ఆ ఏడాది అంత ధైర్యం చూపిన సంస్థే రెండేళ్లకు మూడు వాక్యాల దగ్గర తలవంచింది.

ఆ రెండేళ్లలో ఏం జరిగిందంటే, మాజీ వైమానికుల సంఘాలూ, వాళ్ల వెనుక రాయల్ కెనడియన్ లీజన్ అనే పెద్ద సంస్థా ప్యానెల్ మార్చమని పట్టుబట్టాయి. మ్యూజియం నలుగురు చరిత్రకారుల అభిప్రాయం కోరింది: డేవిడ్ బెర్కూసన్, సెర్జ్ బెర్నియే, మార్గరెట్ మెక్‌మిలన్, డెస్మండ్ మోర్టన్. ప్యానెల్‌లో చెప్పిన విషయాలు వాస్తవాలేనని వాళ్లు తేల్చారు. అందులో ఇద్దరు మాత్రం చెప్పిన తీరు ఒకవైపు మొగ్గిందన్నారు. 2007లో సెనేట్ మాజీ సైనికుల వ్యవహారాల ఉపసంఘం విచారణ మొదలుపెట్టింది. మే నెలలో నివేదిక ఇచ్చింది. చరిత్రను రాసే స్వేచ్ఛ మ్యూజియానిదేనని ఒప్పుకుంటూనే, అంతే నిజమైన మరో విధంగా చెప్పి మాజీ వైమానికులకు కలిగిన అవమాన భావాన్ని తొలగించమని కోరింది. జూన్‌లో మ్యూజియం డైరెక్టర్ జో గర్ట్స్ వెళ్లిపోయారు. ఆగస్టులో మారుస్తామని సంస్థ ప్రకటించింది. కెనడా చరిత్రకారుల సంఘం ఈ ఒత్తిడిని ఖండించింది.

ఇప్పుడు కొత్త ప్యానెల్ చదువుదాం. పాతదానికి దాదాపు మూడింతలు ఉంటుంది. మిత్రదేశాల విజయంలో బాంబుదాడులది ముఖ్యమైన పాత్ర అంటుంది. వాటికి ప్రజల మద్దతూ, నాయకుల మద్దతూ ఉన్నాయని గుర్తు చేస్తుంది. తొలి ఏళ్లలో ఫలితాలు తక్కువ, నష్టాలు ఎక్కువ అని, తర్వాత మెరుగైందని చెబుతుంది. జర్మనీ తన వనరులను విమాన రక్షణకూ మరమ్మతులకూ మళ్లించాల్సి వచ్చిందని వివరిస్తుంది. వైమానికుల ధైర్యాన్ని మెచ్చుకుంటుంది. మిత్రదేశాల తరఫున 80 వేల మందికి పైగా, వారిలో 10 వేలకు పైగా కెనడియన్లు చనిపోయారని చెబుతుంది. 6 లక్షల సంఖ్యను తీసేయలేదు. చివర్లో నైతికత మీద వాదం సాగుతూనే ఉందన్న ముక్క కూడా ఉంది.

వీటిలో చాలా భాగం చేర్చదగ్గదే. పాత ప్యానెల్ మూడో వాక్యం అంత ఖచ్చితంగా చెప్పాల్సింది కాదు. యుద్ధం తర్వాత అమెరికా జరిపిన బాంబుదాడుల సర్వేలో ఆర్థిక విభాగానికి నాయకత్వం వహించినవాడు, అంటారియోలో పుట్టి తర్వాత నెహ్రూ కాలంలో ఢిల్లీలో అమెరికా రాయబారిగా పనిచేసిన జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్. బాంబులు పడుతున్నా జర్మన్ ఆయుధోత్పత్తి 1944 దాకా పెరుగుతూనే పోయిందని ఆ సర్వే చూపింది. పాత ప్యానెల్ ఆ దారిలోనే నడిచింది. కానీ 2006లో చరిత్రకారుడు ఆడమ్ టూజ్ ప్రచురించిన పరిశోధన, 1943 వసంతంలో రూర్ ప్రాంతం మీద పడిన దాడులు జర్మన్ ఉత్పత్తి పెరుగుదలకు అడ్డుకట్ట వేశాయని వాదించింది. తూర్పు యుద్ధరంగంలో ఉండాల్సిన ఫిరంగులను ఇంటి కాపలాకు తెచ్చుకోవాల్సి వచ్చింది కూడా. ఇంత చర్చను ఒక్క ముక్కలో తేల్చేయడం పాత ప్యానెల్ లోపం.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. రెండు ప్యానెళ్లనూ వాక్యం వాక్యం పోల్చి చూస్తే, పాతదాని రెండో వాక్యం కొత్తదానిలో లేదు. జనం మనోధైర్యాన్ని నలగ్గొట్టడం ఉద్దేశం అన్న మాట పూర్తిగా పోయింది. కూలిన నగరాలు ఉన్నాయి, చమురు కేంద్రాలు ఉన్నాయి, రవాణా మార్గాలు ఉన్నాయి. జనాన్ని గురిపెట్టారన్న సంగతి లేదు. మూడు వాక్యాల్లోకెల్లా తిరుగులేని సాక్ష్యం ఉన్నది ఆ రెండో వాక్యానికే. 1942 ఫిబ్రవరి ఆదేశం కాగితం మీద ఉంది. ఉత్పత్తి ఎంత తగ్గిందన్నది వాదనకు లొంగే విషయం. ఆదేశంలో ఏం రాశారన్నది కాదు. వాదనకు లొంగే వాక్యాన్ని సవరించి ఉంచారు. వాదనకు తావులేని వాక్యాన్ని తీసేశారు.

దానితో మిగతా రాత రూపమే మారిపోయింది. పాత ప్యానెల్‌లో దాడులు జనాన్ని చంపాయి. కొత్త ప్యానెల్‌లో 6 లక్షల మంది చనిపోయినా జర్మన్ సమాజం కుప్పకూలలేదు. మొదటిదానిలో చంపిన చేయి కనిపిస్తుంది. రెండోదానిలో మరణాలు మాత్రమే ఉన్నాయి, అవి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పే క్రియ లేదు. లెక్క మిగిలింది, కారణం పోయింది.

దీనివల్ల మాజీ వైమానికులకు మేలు జరిగిందా? జరగలేదనే అనుకుంటున్నాను. ఆ ఉద్దేశం వాళ్లది కాదు. లండన్‌లో యుద్ధ మంత్రివర్గమూ, వాయుసేన మంత్రిత్వశాఖా నిర్ణయించాయి; హారిస్ అమలు చేశాడు; విన్నిపెగ్ నుంచీ, సస్కచెవాన్ గోధుమ పొలాల నుంచీ వచ్చిన కుర్రాళ్లు ఎగిరారు. ఆ ఆదేశాన్ని గాజు పెట్టెలో పెట్టి, కింద సంతకాలు ఎవరివో చూపించి, పక్కన మైనార్‌స్కీ కథా, హాంబర్గ్ నేలమాళిగ నుంచి బయటపడినవాళ్ల మాటలూ పెట్టి ఉంటే, ముసలి వైమానికుడికి తన మీద పడిందనిపించిన నింద అసలు ఎవరిదో కనిపించేది. ఎవరు ఆజ్ఞ ఇచ్చారో పాత ప్యానెల్ చెప్పలేదు. ఏమని ఆజ్ఞ ఇచ్చారో కొత్త ప్యానెల్ చెప్పదు. రెంటిలోనూ తప్పించుకున్నది ఆజ్ఞ ఇచ్చినవాళ్లే.

సెనేట్ కోరికలోని ఒక మాట నన్ను ఇంకా కలవరపెడుతుంది. నిజం కాదు కనుక మార్చమని వాళ్లు అడగలేదు. నొప్పి కలిగింది కనుక మార్చమన్నారు. నొప్పి కలిగినవాళ్లు గౌరవనీయులు, వృద్ధులు, దేశం కోసం ప్రాణాలకు తెగించినవాళ్లు. కానీ ఈ కొలత ఒకసారి ఒప్పుకుంటే, మ్యూజియం గోడ మీద ఏముండాలన్నది ఎవరి నొప్పికి పార్లమెంటులో గొంతు ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. హామర్‌బ్రూక్ పేటల్లో చనిపోయినవాళ్ల పిల్లలకు ఒట్టావా సెనేట్‌లో సాక్ష్యం చెప్పే అవకాశం లేదు. షిడానే అరోనే తల్లిదండ్రులకూ లేదు. వాళ్ల తరఫున మాట్లాడాల్సింది చరిత్రకారుడే. అతన్ని పక్కకు జరిపితే ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోతుంది.

మాజీ వైమానికుల అసలు ఫిర్యాదుకు తర్వాత కొంత న్యాయం జరిగింది. యుద్ధం ముగిశాక బాంబర్ కమాండ్‌కు ప్రత్యేక పతకం ఇవ్వకపోవడం వాళ్ల మనసులో అరవై ఏళ్లు ముల్లులా ఉండిపోయింది. 2012లో లండన్ గ్రీన్ పార్క్‌లో వాళ్లకు స్మారకం వెలిసింది. 2013లో కెనడా ప్రభుత్వం పతకం మీద ధరించే ప్రత్యేక చిహ్నాన్ని మంజూరు చేసింది. అల్బర్టాలోని నాంటన్ అనే చిన్న ఊళ్లో, బాంబర్ కమాండ్ మ్యూజియం ఆవరణలో, మరణించిన 10 వేల మందికి పైగా కెనడా వైమానికుల పేర్లు నల్లరాతి గోడ మీద చెక్కి ఉన్నాయి. ఇవన్నీ చేయవలసినవే, ఇంకా ముందే చేయవలసింది. 1946లోనే పతకం ఇచ్చి ఉంటే 2005లో ఒక ప్యానెల్ వాళ్లను అంతగా గాయపరిచేది కాదేమో. ప్రభుత్వాలు ఎగ్గొట్టిన బాకీని మ్యూజియం తన రాతతో తీర్చాల్సి వచ్చింది.

ఒట్టావా గొడవలో చనిపోయినవాళ్లు పరాయి దేశంవాళ్లు, ఆ దేశం నాజీల జర్మనీ. ఆ ఒక్క సంగతి కెనడియన్లకు కొంత ఊరట. అలాంటి ఊరట లేని చోటొకటి ఉంది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో 1941లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం, ఆ ఖండపు ఆదివాసుల మీద వలసవాసులు దశాబ్దాల పాటు సాగించిన పోరాటాలను యుద్ధాలుగా గుర్తించడానికి చాలా కాలం నిరాకరించింది. 2022 సెప్టెంబరులో వాటిని ఇంకా విస్తృతంగా చూపిస్తామని స్మారకం పాలకమండలి అధ్యక్షుడు ప్రకటించడంతో అక్కడ కొత్త పోరు మొదలైంది. వచ్చే భాగం దాని మీద.